అంతర్జాతీయ రంగంలో భారత ఫుట్‌బాలు జట్టు

ఉగాదినాడు పంచాంగశ్రవణం చేసేటప్పుడు ఆదాయవ్యయాలతోబాటు రాజపూజ్యావమానాలు కూడా వినడం మన ఆచారం. మనుష్యులకు వలెనే ఆటలకు కూడా ఈ పూజ్యావమానాలు ఉంటవి. నేడు మన దేశంలో క్రికెట్టుకు రాజపూజ్యం ఏడు, అవమానం ఒకటి. ఫుట్‌బాలుకు ఆ లెక్క తలక్రిందులు. అయితే ఈ జాతకం మొదటినుంచీ ఇట్లా లేదు. ఆసియా ఖండమంతటిలో మన జట్టే ప్రథమమని రెండుసార్లు రుజువైన కాలం ఒకటి ఉన్నది. ఆ కాలానికి సూత్రధారి హైదరాబాదు నగరానికి చెందిన ఒక ఉపాధ్యాయుడు. ఆయన జీవితం ఆధారంగా 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చిన తరువాతగాని మన పిల్లలలో చాలామందికి ఆ పేరు తెలియలేదు. ఇంటికి దూరంగా ఉన్నవారికి ఇంటి కబురు పరుల నోట వినవలసి రావడం కొత్త కాదు. అయినా ఈ కథను మన సంచికలో మనమే ఒకసారి సాంతంగా చెప్పుకోవడం న్యాయమని మేము తలచినాము.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, అనగా 1948లో, లండను ఒలింపిక్సుకు మన జట్టు వెళ్ళింది. నాయకుడు నాగా కొండలకు చెందిన తాలిమెరెన్ ఆవ్. జూలై 31వ తేదీన ఇల్‌ఫర్డులో ఫ్రాన్సుతో పోటీ. మనవారిలో అధికసంఖ్యాకులు వట్టి పాదాలతోనే ఆడినారు. సారంగపాణి రామన్ ఒక గోలు చేసినాడు. దొరికిన రెండు పెనాల్టీలను మనవారు చేజార్చుకున్నారు. ఆట ముగియబోతుండగా ఫ్రాన్సు రెండవ గోలు చేసి 2-1 తో గట్టెక్కింది. ఓడినా మనవారికి అక్కడ దక్కిన మన్నన తక్కువది కాదు. బూట్లు తొడిగిన ఐరోపావారిని బూట్లులేని భారతీయులు ఇంత దగ్గరగా తరిమినారనేది ఆనాటి వింత.

ఈ వింతలోనుంచే ఒక కట్టుకథ పుట్టింది. 1950లో బ్రెజిలులో జరిగిన ప్రపంచ కప్పు పోటీలకు మన జట్టుకు అర్హత లభించింది. మన విభాగంలోని తక్కిన దేశాలు తప్పుకున్నందువల్ల పోటీ లేకుండానే ఆ అవకాశం చేతికి వచ్చింది. ఇటలీ, స్వీడను, పరాగ్వే దేశాలతో మనలను ఒక గుంపులో చేర్చినారు కూడా. కాని మనవారు వెళ్ళలేదు. వట్టి కాళ్ళతో ఆడరాదని నిషేధించినందువల్లనే వెళ్ళలేదని తరతరాలుగా చెప్పుకుంటున్నాము. అది పూర్తి నిజం కాదు. ప్రయాణపు ఖర్చులో అధికభాగం భరించడానికి బ్రెజిలువారు సిద్ధపడినారు. అభ్యాసానికి వ్యవధి లేదనీ, జట్టు ఎంపికలో ఏకాభిప్రాయం కుదరలేదనీ మన సమాఖ్యవారు చెప్పిన కారణాలు. ఆ రోజుల్లో మనవారి దృష్టి అంతా ఒలింపిక్సు మీదనే ఉండేది. ప్రపంచ కప్పు ఎంతటిదో ఎవరికీ అంతగా తెలియదు. గుమ్మంలోకి వచ్చిన లక్ష్మిని ఎవరో తెలియక తిరిగి పంపినట్లయింది. ఆ గుమ్మం మనకు మళ్ళీ తెరుచుకోలేదు.

ఇక హైదరాబాదు సంగతికి వత్తాము. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించినాడు. ఉపాధ్యాయవృత్తిలో ఉండి, ఫుట్‌బాలును పాఠం చెప్పినట్లే చెప్పినాడు. శిష్యులందరూ ఆయనను ‘రహీం సాబ్’ అనేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్సు కప్పు గెలిచింది. ఆ రోవర్సు కప్పు జరిగినది మరెక్కడో కాదు, ఈ బొంబాయి నగరంలోనే. నేతపనికీ, కట్టడపు పనికీ తెలంగాణమునుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన పెద్దల కాలంలోనే, మన ఊరి పోలీసు జట్టు ఇక్కడి మైదానంలో ఐదేళ్ళు ఎదురులేకుండా నిలిచిందన్నమాట.

రహీం సాబ్ పద్ధతి ఏమిటి? బలం కంటె వేగం, వేగం కంటె బుద్ధి ముఖ్యమని ఆయన మతం. మనవారు ఐరోపావారివలె భారీకాయులు కారు. కాబట్టి బంతిని ఎక్కువసేపు కాలివద్ద ఉంచుకోక, చిన్న చిన్న అందింపులతో నేలమీదనే నడిపించాలని నేర్పినాడు. కుడికాలు వాటంగా గలవారికి ఎడమకాలు కూడా అలవడవలెనని, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టినాడు. తక్కువమంది ఆటగాళ్ళతో చిన్న మైదానాలలో ఆటలు పెట్టి, ఇరుకులో బంతిని తిప్పుకునే నేర్పు అలవరచినాడు. ఇందులో ఖర్చైన వస్తువు ఒక్కటీ లేదు. ఖర్చైనదల్లా ఓర్పు.

ఈయన శిక్షణలోనే 1951లో ఢిల్లీలో జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో మన జట్టు ఆడింది. నాయకుడు శైలేన్ మన్నా. ఇండొనీషియామీద 3-0, ఆఫ్ఘనిస్థానం మీద 3-0 గెలిచి, మార్చి 10వ తేదీన తుదిపోటీలో ఇరానును 1-0 తో ఓడించి స్వర్ణపతకం సాధించింది. ఆ ఏకైక గోలు చేసినవాడు మేవాలాల్.

మరుసటి ఏడు హెల్సింకిలో గర్వభంగమైంది. 1952 ఒలింపిక్సులో యుగోస్లావియా మనలను 10-1 తో చితుకగొట్టింది. మన ఒక్క గోలు బెంగుళూరువాడైన అహమ్మద్ ఖాన్‌ది. ఆ చలిదేశంలో వట్టిపాదాలతో నిలువడమే కష్టమైంది. ఈ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి చేసినారు. ఒకవిధంగా చూస్తే లండనులో దొరికిన మెప్పుకంటె హెల్సింకిలో తగిలిన దెబ్బే మనకు ఎక్కువ మేలు చేసింది. మెప్పు మనలను ఉన్నచోటనే ఉంచింది. దెబ్బ అడుగు ముందుకు వేయించింది.

అయితే ఫలితం వెంటనే రాలేదు. 1954లో మనీలా ఆసియా క్రీడలలో జపానును 3-2 తో గెలిచి, ఇండొనీషియాచేతిలో 4-0 తో ఓడి మనవారు తిరిగివచ్చినారు. ఫలితం కనుపించినది 1956లో, మెల్‌బోర్నులో. ఆ నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించింది. సరిగా నెల తిరిగేసరికి, డిసెంబరు 1వ తేదీన, మన జట్టు ఆస్ట్రేలియావారిని వారి గడ్డమీదనే 4-2 తో ఓడించి ఒలింపిక్సు సెమీఫైనలు చేరింది. ఆసియా దేశం ఏదీ అంతవరకు ఆ మెట్టు ఎక్కలేదు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసూజా మూడు గోలులు చేసినాడు. ఒలింపిక్సు ఫుట్‌బాలులో ఒకే పోటీలో మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాసి అతడే. సెమీఫైనలులో యుగోస్లావియా మీద కూడా మొదటి గోలు అతడిదే. పిమ్మట వారు నాలుగు గోలులు చేసి 4-1 తో గెలిచినారు. మూడవస్థానం కొరకు జరిగిన పోటీలో బల్గేరియా 3-0 తో గెలువగా మనకు నాలుగవస్థానం దక్కింది.

ఆ జట్టు పొందికను చూడండి. నాయకుడు బదరు బెనర్జీ బెంగాలువాడు. కెంపయ్య మైసూరు రాష్ట్రంవాడు. డిసూజా బొంబాయివాడు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ హైదరాబాదు బడిలో తయారైనవారు. ఆ ఏడూ, మరుసటి ఏడూ సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాదే గెలుచుకున్నది. ఒక్క నగరం దేశపు జట్టుకు ఇంతమందిని ఇవ్వగలిగిందంటే అది అదృష్టం కాదు. అది ఏళ్ళతరబడి సాగిన శిక్షణ.

1960 రోము ఒలింపిక్సులో మన జట్టుకు పి. కె. బెనర్జీ నాయకుడు. హంగరీతో 2-1 తో ఓడినారు, ఫ్రాన్సుతో 1-1 గా నిలిచినారు, పెరూతో 3-1 తో ఓడినారు. హంగరీమీద, పెరూమీద గోలులు చేసినవాడు బలరామ్. ఫ్రాన్సుమీద చేసినవాడు బెనర్జీ. తదుపరి ఘట్టంలోకి వెళ్ళలేకపోయినా, హంగరీవంటి జట్టును ఒక్క గోలు తేడాలో నిలబెట్టడం చిన్నసంగతి కాదు. ఒలింపిక్సు ఫుట్‌బాలులో మనవారు కనిపించడం అదే కడసారి.

రహీం సాబ్ జీవితానికి పట్టాభిషేకం 1962లో జకార్తాలో జరిగింది. ఇస్రాయేలు, తైవాను జట్లను ఆ క్రీడలకు రానీయనందుకు భారతీయుడైన క్రీడాధికారి సోంధీ ఆక్షేపించినాడు. అందుచేత స్థానికులకు మనవారిమీద ఆగ్రహం కలిగింది. మైదానంలో ఎక్కడ చూసినా ఈలలు, కేకలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0 తో ఓడించింది. అక్కడినుండి మనవారు థాయిలాండును 4-1 తోను, జపానును 2-0 తోను, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3-2 తోను గెలిచినారు. సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీ, తిరిగి దక్షిణ కొరియాతోనే. ప్రేక్షకులు సుమారు లక్షమంది. మన పక్షాన కేకలు వేసినది పాకిస్తాను హాకీ జట్టువారని చెప్పుకుంటారు. రక్షణపంక్తిలో ఆడే జర్నైల్ సింగుకు అంతకు ముందే తలకు గాయమై కుట్లు పడినవి. రహీం సాబ్ అతనిని ముందుపంక్తికి పంపినాడు. మొదటి అరగంటలోపుగానే పి. కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి గోలు చేసినారు. కొరియా ఒక్క గోలుతో ఆగిపోయింది. 2-1 తో స్వర్ణం మనదే. నాయకుడు చునీ గోస్వామి. ఆనాడు మైదానంలోకి దిగిన పదకొండుమందిలో బలరామ్, యూసుఫ్ ఖాన్ హైదరాబాదువారు. అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తులలో కాన్సరు ముదిరి ఉన్నది. మరుసటి ఏడు, 1963 జూన్ 11వ తేదీన, ఆయన గతించినాడు.

ఆ తరువాత కొంతకాలం పాత ఊపు సాగింది. 1964లో ఇస్రాయేలులో జరిగిన ఆసియా కప్పులో మనకు ద్వితీయస్థానం. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతోనే సంతోష్ ట్రోఫీ గెలుపు. 1970 బాంగ్‌కాక్ ఆసియా క్రీడలలో హైదరాబాదీ నయీముద్దీన్ నాయకత్వాన జపానును 1-0 తో ఓడించి కాంస్యం. 1974లో షబ్బీర్ అలీ నాయకుడుగా ఆసియా యువజన పోటీలలో ఇరానుతో కలిసి సంయుక్త విజేతృత్వం. అంతటితో ఆ దీపం సన్నగిల్లింది. ఆసియా కప్పులో మనవారు తిరిగి 1984, 2011, 2019లలోను, 2024 జనవరిలో ఖతారులోను ఆడినారు. ఖతారులో మూడు ఆటలూ ఓడినారు. నెహ్రూ కప్పు 2007, 2009, 2012లలో గెలిచినా, అవి పాత ఎత్తును అందుకున్న విజయాలు కావు.

ఎందుకిట్లు జరిగింది? మన ఆటగాళ్ళ రక్తం పలుచబడిందని కొందరంటారు. మేము అంగీకరించము. 1962లో మనచేత ఓడిన జపాను ఏమి చేసిందో చూస్తే సమాధానం దొరుకుతుంది. వారు 1960లోనే జర్మనీనుండి క్రామర్ అనే శిక్షకుని పిలిపించుకున్నారు. 1965లో దేశవ్యాప్తమైన లీగు స్థాపించుకున్నారు. 1968లో మెక్సికో ఒలింపిక్సులో కాంస్యపతకం గెలిచినారు. మనకు జాతీయ లీగు ఏర్పడినది 1996లో. ప్రపంచమంతా తొంభై నిమిషాలు ఆడుతుంటే మన దేశపు పోటీలు చాలాకాలం డెబ్బై నిమిషాలకే ముగిసేవి. డెబ్బై నిమిషాల ఊపిరితో తొంభై నిమిషాల ఆట గెలువడం ఎట్లా? జపాను ఒక ఏర్పాటును నిర్మించుకున్నది. మనము ఒక మనిషిని నమ్ముకున్నాము. మనిషి పోగానే ఏర్పాటూ పోయింది.

హైదరాబాదు సంగతి ఇంకొకటి. అక్కడ తయారైన మేటి ఆటగాళ్ళు ఒక్కరొక్కరే బ్రతుకుతెరువు కొరకు కలకత్తా క్లబ్బులకు తరలిపోయినారు. వలస అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. వెళ్ళినవారిని తప్పుపట్టలేము. పొట్ట ఎక్కడ నిండితే కాలు అక్కడికి నడుస్తుంది. కాని వెళ్ళినవారి స్థానంలో కొత్తవారిని తయారుచేసే బడి మూతపడడమే నష్టం. బలరామ్ కథ ఇందుకు సాక్ష్యం. తల్లిదండ్రులు తమిళులు. అతడు పుట్టినది సికిందరాబాదు చెంత అమ్ముగూడలో. ఆట నేర్చినది హైదరాబాదులో. పేరు తెచ్చుకున్నది కలకత్తాలో ఈస్టు బెంగాల్ జట్టులో. అనారోగ్యంవల్ల చిన్నవయసులోనే ఆట చాలించవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే కన్నుమూసినాడు. తమిళులు తమవాడనవచ్చు, హైదరాబాదీలు తమవాడనవచ్చు, వంగీయులు తమవాడనవచ్చు. ఎవరూ అబద్ధమాడినట్లు కాదు. ఒక ఊరిలో పుట్టి మరొక ఊరిలో బ్రతికే మనవంటివారికి ఈ జీవితం కొత్తగా తోచదు. రెండు ఊళ్ళకూ చెందడం లోటు కాదని ఆ జకార్తా పతకం చెబుతుంది.

మన సంఘం పక్షాన ఏటా పాటల పోటీలు, పద్యాల పోటీలు జరుపుకుంటున్నాము. అది చాలా మంచిది. వానితోబాటు పిల్లలకు ఒక బంతి కొనియిచ్చి, ఆదివారం ఉదయం దగ్గరి మైదానానికి తీసుకువెళ్ళే పెద్దలు నలుగురు ముందుకు రావలెనని మా విన్నపం. ఎడమకాలితో కూడా తన్నమని చెప్పండి. ఆ మాట మొదట చెప్పినవాడు ఎవరో, ఏ ఊరివాడో కూడా చెప్పండి. ఆపైన వారు ఏ భాషవారి జట్టులో ఆడినా మనకు సంతోషమే. పాఠకులందరికీ నూతన సంవత్సరం ఆయురారోగ్యాలను ప్రసాదించుగాక.