సవర పిల్లలకు సవరలోనే చదువు

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల్లోనూ, సరిహద్దు అవతల ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోనూ ఉండే సవరల పిల్లలకు ఇంటి భాషలోనే బడి చదువు మొదలుపెట్టాలన్న ప్రయత్నాల చరిత్ర ఇది. పందొమ్మిదో శతాబ్దం చివర పర్లాకిమిడిలో ఒక బడిపంతులు సొంత డబ్బుతో ఈ పనికి పూనుకున్నాడు. ఆయన తరువాత అది చాలాకాలం వెనకబడింది. 2004 ప్రాంతంలో ప్రభుత్వ పథకంగా మళ్ళీ ముందుకొచ్చింది. కొండ పిల్లలు ఏమీ తెలియకుండా బడికి రారనీ, ఎంతో నేర్చుకునే వస్తారనీ, చదువు అక్కడి నుంచే మొదలవాలనీ నమ్మడం ఈ ప్రయత్నాలన్నిటికీ మూలం.

నరసన్నపేట దగ్గర పెద్ద రహదారి నుంచి చీలిన 326ఎ జాతీయ రహదారి పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి పోతుంది. ఈ దారిలో పల్లం ఊళ్ళది తెలుగు, పైన కొండలది సవర. రెండూ పక్కపక్కనే ఉన్నా వాటికి చుట్టరికం లేదు. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా శాఖకు చెందినది. సంతాలీ, ముండారీ కూడా అదే శాఖవి, కంబోడియా ఖ్మేర్, వియత్నాం భాష దూరపు బంధువులు. కాబట్టి ఒకటో తరగతిలో తెలుగు వాచకం అందుకున్న సవర పిల్లకు ఒకేసారి రెండు బరువులు. అక్షరం కొత్త, ఆ అక్షరం పలికే మాట కూడా కొత్త. అలాంటి పిల్ల నోరు విప్పకపోతే మందబుద్ధి అని తేల్చేసిన పంతుళ్ళకు కొదవ లేదు. ఆ తీర్పు పిల్ల తెలివిని గురించి చెప్పేది ఏమీ లేదు. బడికి ఆమె భాష రాదన్న సంగతి మాత్రమే అందులో తెలుస్తుంది.

ఆ పిల్ల ఏం తెలుసుకుని వస్తుందో చెప్పడానికి సవర లెక్క ఒక్కటి చాలు. తెలుగులో లెక్క పదుల మీద నడుస్తుంది. సవరలో పన్నెండు, ఇరవై రెండూ ఆధారాలే. పదమూడు అనాలంటే పన్నెండూ ఒకటి అంటారు. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభై మూడంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. ప్రపంచ భాషల్లో అరుదైన ఈ ఏర్పాటును భాషావేత్తలు ప్రత్యేకంగా చెప్పుకుంటారు. కూడికా గుణకారమూ కలిసిన ఈ పద్ధతిని సవర పిల్లలు పలక పట్టకముందే నోటితో వాడుతుంటారు. దీన్ని ఆసరాగా తీసుకునే లెక్కల పంతులుకు స్థాన విలువలు చెప్పడానికి మంచి దారి దొరుకుతుంది.

ఈ భాషను మొదట శ్రద్ధగా విన్న తెలుగు పంతులు గిడుగు వెంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టాడు. తండ్రి 1875లో చనిపోతే విశాఖపట్నంలో మేనమామ ఇంట చదువుకున్నాడు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరాడు. చరిత్ర పాఠాలు చెబుతూ ఉండగా కొండల నుంచి వచ్చే సవరలు ఆయన దృష్టిలో పడ్డారు. వాళ్ళకు చదువు చెప్పాలనుకున్నాడు. కానీ తెలుగు నేర్పుతానని బయలుదేరలేదు, ముందు తాను సవర నేర్చుకున్నాడు. రెండు భాషలూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పించుకున్నాడు. అడవుల్లో తిరిగాడు. మన్యం జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి అది చిన్న నష్టం కాదు.

తరువాత సవరలో వాచకాలు రాశాడు, బడులు పెట్టాడు, పంతుళ్ళ జీతాలు తన జేబులోంచి ఇచ్చాడు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి నడపమని కోరాడు. 1913లో రావుబహదూర్ బిరుదు వచ్చింది. దాదాపు ముప్పై అయిదేళ్ళ శ్రమ ఫలితంగా ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని ప్రభుత్వం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోనూ అచ్చువేసింది. 1936లో పర్లాకిమిడి కొత్త ఒడిశా రాష్ట్రంలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రికి తరలిపోయాడు. 1940 జనవరి 22న కన్నుమూశాడు.

తెలుగువాళ్ళు గిడుగును ఎక్కువగా వాడుకభాషా ఉద్యమ నాయకుడుగా గుర్తుంచుకుంటారు. ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం. కానీ ఈ రెండు పనులనూ విడదీసి చూడకూడదు. జనం మాట్లాడే భాష చదువుకు పనికిరాదన్న పండితులతో వాదానికి దిగడానికి ఏళ్ళ ముందే, లిపి కూడా లేని ఒక భాషలో పాఠం చెప్పవచ్చని ఆయన చేసి చూపించాడు.

లిపి మాట వేరే చిక్కు. ఒడిశా వైపు క్రైస్తవ మిషనరీలు రోమన్ అక్షరాలు వాడారు. 1936లో మంగెయి గొమాంగో సొరాంగ్ సోంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించాడు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది. ఆంధ్రలో బడి పుస్తకాలకు తెలుగు లిపే నిలిచింది. పిల్లలు ఆ తరువాత చదవాల్సింది తెలుగే కాబట్టి ఈ ఎంపికకు అర్థముంది. కానీ సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న ఒకే జాతి పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు చదవలేని పరిస్థితి కూడా దీనితోనే వచ్చింది.

స్వాతంత్ర్యం తరువాత, 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించమంది. కొండల్లో ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, తిండి, బట్ట, వసతి అందాయి. చదువు మాత్రం తెలుగులోనే సాగింది. 1960ల చివర భూమి, అప్పు, కూలి సమస్యలపై శ్రీకాకుళం గిరిజన పోరాటాన్ని నడిపిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే. ఆ పోరాటం తరువాత ప్రభుత్వం గిరిజన ప్రాంతాలను పట్టించుకోక తప్పలేదు. సీతంపేటలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ వచ్చింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003-04 నుంచి సర్వశిక్షా అభియాన్ కింద బహుభాషా విద్య రూపుదిద్దుకుంది. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషలకు తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఒకటో తరగతి ఇంటి భాషలో మొదలై, తెలుగు మెల్లగా కలుస్తూ, ప్రాథమిక దశ ముగిసేలోగా పూర్తిగా తెలుగు మాధ్యమానికి చేరేలా ఏర్పాటు చేశారు. సవర తెలిసిన స్థానికులను పాఠం చెప్పడానికి తీసుకున్నారు. ఒడిశా 2007 ప్రాంతంలో సవరతో సహా పది భాషల్లో ఇలాంటి పథకాన్నే మొదలుపెట్టింది.

ఇందులో ఒక లోపం కనిపిస్తుంది. ఇంటి భాషను తెలుగులోకి దాటించే వంతెనగా మాత్రమే చూశారు. మూడు నాలుగేళ్ళలో ఆ భాష బడిలోంచి తప్పుకుంటే, పిల్ల తన భాషలో లోతుగా చదవడం, రాయడం అలవాటు కాకముందే ఆగిపోతుంది. మాతృభాషలో పునాది ఎంత గట్టిపడితే రెండో భాష అంత బాగా వస్తుందని బహుభాషా విద్య మీద పనిచేసిన అజిత్ మొహంతి వంటి పరిశోధకులు చెబుతూ వచ్చారు. ఇంకోవైపు తల్లిదండ్రులకు ఇంగ్లీషు మీద ఆశ పెరిగింది. ఆ ఆశ న్యాయమైనదే. సవరలో మొదలుపెడితే ఇంగ్లీషు రాదన్న భయం మాత్రం సరైనది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చే ఉత్తర్వు వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం వీలైనంత వరకు అయిదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. సారవకోట, పాతపట్నం, మెళియాపుట్టి, మందస మండలాల సవర గూడేలు శ్రీకాకుళంలోనే మిగిలాయి. వీటిలో చాలా గూడేలు షెడ్యూల్డు ప్రాంతం కిందికి రావు. ఇలాంటి చోట్ల ఒకే గదిలో ఇద్దరు సవర పిల్లలు, పదిమంది తెలుగు పిల్లలు కూర్చోవచ్చు. బడి మొత్తం సవర పిల్లలదే అనుకుని తయారైన పథకం ఇక్కడ అతకదు. పుస్తకాలు పంపినంత మాత్రాన చాలదు, రెండు భాషలూ వచ్చిన పంతులు కావాలి. సవర ఇళ్ళ నుంచే చదువుకుని ఉపాధ్యాయ శిక్షణ పొందిన యువతీయువకులను సొంత మండలాల్లోనే నియమిస్తే అలాంటి పంతుళ్ళు దొరుకుతారు.