సంక్రాంతియు, ఉత్తరాయణమును

సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలమని వ్యవహరింతుము. వరాహమిహిరుడు జీవించిన 6వ శతాబ్దమున సూర్యుని మకరప్రవేశమును, ఉత్తరదిశకు మరలుటయు ఇంచుమించు ఏకకాలమున సంభవించెడివి. అయనచలనముచే క్రమముగా అవి విడివడినవి. వివేకానందుడు జన్మించిన 1863 జనవరి 12 సంక్రాంతి దినము. నేడా పర్వము 14నో, 15నో వచ్చుచున్నది. సూర్యుడు మరలుట మాత్రము డిసెంబరు 21, 22 తేదీలలోనే.

మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన సంఘము సూచనపై, 1957 మార్చి 22న అమలులోనికి వచ్చిన జాతీయ పంచాంగమున పుష్యమాసము డిసెంబరు 22ననే మొదలగును. గెజిటుపై ఆ పంచాంగపు తేదీని చూచుట అలవాటైన నాకు, పండుగనుగూడ అటు జరుపరాదా యని తోచినది. ఇంట ఈ మాట యనగా మా తల్లిగారు, "కుప్పలు నూర్చకముందే కొత్త బియ్యమెక్కడివి, నాయనా? అరిసెలు దేనితో వండను?" అనిరి.

ఢిల్లీ క్వార్టరులో మాకు కుప్పలు లేవు, బియ్యము అంగడిలోనివి. అయినను భోగినాటి రేగుపండ్లకై జనవరిలోనే బజారు తిరుగుచున్నాను.