అత్తరు కథ - ఒక్క బొట్టు చాలు

జుమా రోజు మసీదు గుమ్మంలో అడుగు పెట్టగానే మొదట మనల్ని పలకరించేది అత్తరు వాసన. గుసుల్ చేసి, శుభ్రమైన బట్టలు తొడుక్కొని, ఉన్నంతలో సుగంధం రాసుకొని జుమాకు రావడం ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు నేర్పిన పద్ధతి. ఎవరైనా సుగంధం ఇస్తే కాదనవద్దని కూడా వారు బోధించారు. ఈద్ నాడు పిల్లల మణికట్టుకు అత్తరు, పెండ్లిలో అతిథుల మీద పన్నీరు, ఆఖరి గుసుల్‌లో మయ్యత్‌కు కాఫూర్... బ్రతుకు మొదలు మట్టిలో కలిసే దాకా సుగంధం మన వెంటే ఉన్నది. మన ప్రాంతంలో ఏటా జనవరిలో జరిగే జాన్‌పహాడ్ సైదులు ఉర్సులో గంధం ఊరేగింపు నాడు హిందువులు, ముస్లింలు అనే తేడా లేకుండా జనం తరలి వస్తారు.

ఇంత దగ్గరి వస్తువును గురించి మనకు తెలిసినది మాత్రం చాలా తక్కువ. పైగా ఈ మధ్య "అరోమాథెరపీ" అనే పేరుతో చిన్న చిన్న సీసాలలో ఘాటైన తైలాలు మన ఇండ్లలోకి వస్తున్నవి. తలనొప్పికి ఇది, నిద్రకు అది, షుగర్‌కు మరొకటి అని చెప్పి అమ్ముతున్నారు. కనుక అత్తరు చరిత్ర ఏమిటి, మన పెద్దలు దానిని ఎలా వాడారు, మనం ఎక్కడ జాగ్రత్త పడాలి అనే మూడు విషయాలు మన సొసైటీ సభ్యుల ముందు, ముఖ్యంగా చిన్న పిల్లలున్న తల్లుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు నేల మీద సుగంధ వ్యాపారం

సుగంధ ద్రవ్యాలు మొగలులతోనే మన దేశానికి వచ్చాయని కొందరు అనుకొంటారు. అది సరికాదు. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. ఏ సరుకు మీద ఎంత సుంకమో ఆ శాసనంలో ఉన్నది. అందులో గంధపు చెక్క, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, కర్పూర తైలం, పునుగు, పన్నీరు కనిపిస్తాయి. మన నల్లగొండ ప్రాంతం కూడా ఆనాడు కాకతీయ రాజ్యంలోనిదే. అంటే దాదాపు 780 ఏండ్ల క్రిందటే గులాబీ నీరు ఓడలెక్కి తెలుగు తీరానికి దిగినదన్న మాట.

తరువాతి కాలంలో దక్కన్ సుల్తానులు సుగంధాన్ని ఒక విద్యగా పోషించారు. బీజాపూరు సుల్తాన్ రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా (పాలన 1580-1627) కాలంలో "ఇత్ర్-ఎ-నౌరస్ షాహీ" అనే సుగంధ గ్రంథం పారశీకంలో వెలువడింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదు నగరానికి పునాది వేశాడు. ఆ నగరంలో చార్మినార్, పత్తర్‌గట్టి ప్రాంతపు అత్తరు దుకాణాలు నేటికీ ప్రసిద్ధమే. ఈద్ ముందు మన జిల్లా వాళ్లు బట్టల కోసం పోయి, అత్తరు సీసా లేకుండా తిరిగి రావడం అరుదు.

అత్తరు ఎలా పుట్టింది?

"ఇత్ర్" అనే అరబ్బీ మాటకు సుగంధమని అర్థం. మన నోట అది అత్తరు అయింది. పూలను నీటితో మరిగించి, ఆవిరిని చల్లార్చి వాసనను పట్టే విద్యను శాస్త్రంగా మలచిన వారిలో అరబ్బు పండితులు ముఖ్యులు. 9వ శతాబ్దంలో అల్-కిందీ సుగంధాల తయారీ మీద రాసిన గ్రంథంలో నూరుకు పైగా పాకాలు ఉన్నాయి. ఇబ్న్ సీనా (980-1037) యూనానీ వైద్యానికి మూలస్తంభం వంటి "అల్-ఖానూన్" రచించి, గులాబీ వంటి సుగంధ ద్రవ్యాల వైద్య గుణాలను వివరించాడు.

మొగలుల కాలంలో అబుల్ ఫజల్ తన "ఆయినె అక్బరీ"లో సుగంధాలకు ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించాడు. జహంగీరు చక్రవర్తి తన ఆత్మకథలో ఒక ముచ్చట రాశాడు. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం గులాబీ నీరు తయారు చేయిస్తుండగా, వేడి వేడి పన్నీరు మీద నూనె తెట్టు తేలడం గమనించింది. దానిని కొంచెం కొంచెంగా తీసి కూడబెట్టింది. అదే గులాబీ అత్తరు. సలీమా సుల్తాన్ బేగం దానికి "ఇత్ర్-ఎ-జహంగీరీ" అని పేరు పెట్టింది. ఒక్క బొట్టు అరచేతిలో రుద్దితే సభ అంతా గుబాళిస్తుందని జహంగీరు మెచ్చుకొన్నాడు. పాఠకులు ఈ "ఒక్క బొట్టు" అనే మాటను గుర్తు పెట్టుకోవలెను. మన వ్యాసానికి అదే కీలకం.

అత్తరుకు పేరుమోసిన ఊరు ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్. అక్కడి పాత పద్ధతి ఇది. "డేగ్" అనే రాగి కాగులో పూలు, నీళ్లు పోసి, మూతను మట్టితో గట్టిగా మూసి, మట్టి పొయ్యి మీద పెడతారు. వెదురు గొట్టం గుండా ఆవిరి "భప్కా" అనే మరొక రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్ర నీళ్ల తొట్టిలో ఉంటుంది, దాని లోపల ముందుగానే చందన నూనె పోసి ఉంటుంది. పూల వాసన ఆ చందన నూనెలో ఇంకుతుంది. ఇలా రోజుల తరబడి కొత్త పూలు వేస్తూ చేస్తారు. ఇందులో ఆల్కహాల్ ఉండదు. కిలో అసలు గులాబీ తైలం రావాలంటే మూడు నాలుగు వేల కిలోల పూరేకులు కావాలి. కనౌజ్ అత్తరుకు 2014లో భౌగోళిక గుర్తింపు లభించింది. తెలుగువారు ఎందరో ఉన్న ఒడిశాలోని గంజాం జిల్లాలో ఇదే తీరున మొగలి పూల నుండి కేవడా తీస్తారు. మన బిర్యానీలో చల్లే కేవడా జలం ఆ పూల చలవే.

అర్క్ వేరు, రోగన్ వేరు, అత్తరు వేరు

మన హకీములు ఈ మూడింటినీ ఎన్నడూ కలగాపులగం చేయలేదు. అర్క్ అంటే ఆవిరి పట్టిన నీరు. అర్క్-ఎ-గులాబ్ ఈ కోవలోది. అందులో తైలం లేశమాత్రమే ఉంటుంది. రోగన్ అంటే నువ్వుల నూనెలోనో బాదం నూనెలోనో పూలు, మూలికలు నానబెట్టి లేదా కాచి తీసిన నూనె. తలకు, ఒంటికి రాసేది సాధారణంగా ఇదే. ఇక అత్తరు చందన నూనెలో కలిసిన వాసన. దానిని దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకొనేవారు, లేదా బట్టకు రాసుకొనేవారు.

గమనించండి. మూడింటిలోనూ ఘాటైన తైలం నీటిలోనో, మరో నూనెలోనో కలిసి పలచబడే మన వద్దకు వచ్చేది. నేడు బజారులో దొరికే సుగంధ తైలం సీసా అలాంటిది కాదు. అది ఏమీ కలపని అసలు సారం. రోగన్ రాసుకొన్నట్లు దానిని అరచేతి నిండా పోసుకొని రాసుకొంటే చర్మం మండిపోతుంది. పాత అలవాటు, కొత్త సరుకు - ఈ రెండూ కలిసిన చోటే ప్రమాదం పుడుతున్నది.

ఘాటు తైలాలతో మందు చేసిన ఘనత మన హైదరాబాదుకూ ఉన్నది. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ స్థాపించిన "జిందా తిలిస్మాత్" తెలియని ఇల్లు తెలంగాణలో అరుదు. నీలగిరి తైలం అందులో ప్రధానం. కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు దానికి తోడు. దానిని కూడా మన పెద్దలు చుక్కల లెక్కన వాడారే గాని గ్లాసుల లెక్కన కాదు. చార్మినార్ ప్రక్కనే ఉన్న నిజామియా తిబ్బీ కళాశాల, ఆసుపత్రి ఈ యూనానీ విద్యను నేటికీ నిలిపి ఉంచుతున్నవి. సందేహం వస్తే అడగడానికి చదువుకున్న హకీములు ఉన్నారు. సీసా అమ్మేవాడిని అడగనక్కర లేదు.

అరోమాథెరపీ అనే మాట

ఈ పేరు ఫ్రాన్సు నుండి వచ్చింది. రెనె మోరిస్ గాట్‌ఫొస్సే అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1910లో ప్రయోగశాల ప్రమాదంలో కాలిన గాయాలకు లావెండర్ తైలం వాడి మేలు పొందినట్లు రాశాడు. 1937లో ఈ పేరుతోనే పుస్తకం ప్రచురించాడు. (అది చూసి మనం కాలిన గాయానికి తైలం పూయరాదు. మొదట చల్లని మంచినీటి ధార, ఆ పైన డాక్టరు.) మంచి వాసన మనసుకు ఊరట ఇస్తుంది, నిద్రకు, ఆందోళన తగ్గడానికి కొంత తోడ్పడవచ్చు. అంతవరకు నిజమే. అంతేగాని షుగర్, క్యాన్సర్ వంటి రోగాలను ఏ వాసనా నయం చేయలేదు. అలా నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ మాటలు నమ్మి మాత్రలు మానేసిన మనిషికి "కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు" అవుతుంది.

ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలు

1. ఏ సుగంధ తైలాన్నీ నేరుగా ఒంటికి రాయకూడదు. 30 మిల్లీలీటర్ల (రెండు పెద్ద చెంచాల) కొబ్బరి లేదా నువ్వుల నూనెలో 6 చుక్కలు కలిపితే సుమారు ఒక పాలు, 12 చుక్కలు కలిపితే రెండు పాళ్లు నూటికి. పెద్దవారికి అంతకు మించి అక్కరలేదు. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడవలెను. దద్దుర్లు, మంట వస్తే మానుకోవలెను.

2. సొంతంగా త్రాగడం, మాత్రలాగా మింగడం వద్దు. నీలగిరి తైలం ఒక్క చెంచా పసివాడిని స్పృహ తప్పించగలదు. కర్పూరం కొద్దిగా మింగినా పిల్లలకు కాసేపట్లోనే ఫిట్స్ రావచ్చు. పంటినొప్పికి లవంగ నూనె వాడేటప్పుడు కూడా చిగురు కాలకుండా దూదితో అద్దవలెనే గాని పోయకూడదు.

3. జలుబు చేసిందని రెండేండ్ల లోపు పసిపిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం రాయరాదు. ఊపిరి ఆగే ప్రమాదం ఉన్నది. అమ్మమ్మ, నానమ్మలు ప్రేమతోనే చేస్తారు. నెమ్మదిగా చెప్పి మాన్పించవలెను.

4. స్నానం తరువాత బిడ్డకు లోబాన్ పొగ వేయడం మన ఇండ్లలో పాత ఆచారం. వాసన మంచిదైనా పొగ పొగే. మూసిన గదిలో వేయకండి. మన మిర్యాలగూడలో బియ్యం మిల్లులు ఎక్కువ. దుమ్ములో పనిచేసి ఆయాసపడే వారున్న ఇంట్లో లోబాన్, అగరుబత్తి, ఊదు పొగ మానడమే మేలు.

5. గర్భిణులు, ఉబ్బసం, ఫిట్స్ ఉన్నవారు డాక్టరును అడగకుండా ఏ తైలమూ వాడరాదు. నిమ్మ జాతి తైలాలు రాసుకొని ఎండలో తిరిగితే చర్మం కమిలిపోవచ్చు.

6. చందన నూనె కిలో లక్ష రూపాయలు దాటిన ఈ రోజుల్లో చౌక అత్తరులో చందనం ఉండదు. పారఫిన్ నూనె, కృత్రిమ వాసనలు ఉంటాయి. అలాంటిది బట్టకే రాయండి, ఒంటికి వద్దు.

7. సీసాలను పిల్లలకు అందకుండా తాళం వేసి, పొయ్యికి దూరంగా, చీకటి చోట ఉంచండి. ఇవి తేలికగా అంటుకొంటాయి. తైలాన్ని మందు సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టకండి.

8. బిడ్డ పొరపాటున మింగితే వేలు పెట్టి కక్కించకండి. కక్కేటప్పుడు తైలం ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ముప్పు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ సీసాను కూడా వెంట తీసుకొని ఆసుపత్రికి పోవలెను. కంట్లో పడితే మంచినీళ్లతో చాలాసేపు కడగవలెను.

ముగింపు

మోటుపల్లి రేవులో దిగిన పన్నీరు మొదలు ఇవాళ్టి జుమా దాకా సుగంధం మన తెలుగు ముస్లింల జీవితంలో ఒక అందం. దానిని వదులుకోమని ఈ వ్యాసం చెప్పడం లేదు. మన పెద్దల గొప్పతనం వాసన తీయడంలోనే కాదు, దానికి కొలత తెలిసి ఉండడంలో ఉన్నది. దూది ముక్క మీద ఒక్క బొట్టు అత్తరు మనిషికీ, ప్రక్కన నమాజు చదివే సోదరునికీ ఆనందమే. అదే సీసా పసివాడి చేతికి చిక్కితే ఇంటిల్లిపాదికీ దుఃఖం. ఈ సంచికను చదివిన ప్రతి తల్లీ తండ్రీ ఈ రోజే ఇంట్లోని సీసాలను ఒకసారి చూసి, పై అల్మారాలో పెట్టి తాళం వేస్తే మా శ్రమ ఫలించినట్లే. అల్లాహ్ మన బిడ్డలందరినీ చల్లగా కాపాడుగాక. ఆమీన్.