పరీక్ష పెట్టించిన దొర

సిఫారసు చేసేవాళ్లెవరూ లేక, సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరినవాణ్ణి. అందుకే చార్లెస్ ట్రెవెల్యాన్ పేరు నన్ను వదలదు.

1807లో టాంటన్‌లో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఢిల్లీ చేరి, ఇరవై రెండేళ్లకే పైఅధికారి లంచాలు బయటపెట్టాడు. 1840 నుంచి పంతొమ్మిదేళ్లు లండన్ ఖజానా శాఖను నడిపాడు. 1854లో నార్త్‌కోట్ అనే సహచరుడితో కలిసి ఇచ్చిన నివేదిక పలుకుబడిని తోసిపుచ్చి, పోటీ పరీక్షతోనే ఉద్యోగాలివ్వమంది. నా బతుకు అక్కడ మొదలైందనుకుంటాను.

కానీ ఐర్లండ్ కరువు సాయం లెక్కలు చూసిందీ ఆయనే. బంగాళాదుంపకు తెగులు తగిలి దాదాపు పది లక్షల మంది పోయారు. 1847లో కరువు పనులు మూయించాడు. మరుసటి ఏడు, జనం ఇంకా చస్తుండగానే, కరువు ముగిసినట్టు పుస్తకం రాశాడు; ఆ ఏడే 'సర్' బిరుదూ అందుకున్నాడు. కరువు పనుల మస్తర్లు రాసిన చేయి నాది. దీన్ని క్షమించలేను.

1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన కోస్తా, దత్తమండలాలూ ఆయన ఏలుబడిలోవే. పట్నంలో పీపుల్స్ పార్కు వేయించాడు. కలకత్తా సర్కారు తలపెట్టిన ఆదాయపు పన్ను వద్దంటూ తన అభ్యంతరాన్ని పత్రికలకే ఇచ్చేశాడు. 1860లో వెనక్కి పిలిపించారు. 1863లో ఆర్థిక సభ్యుడిగా అదే కలకత్తాలో దిగాడు.