నాగజెముడు నేల

1854 జనవరి 1. ఇంకా చీకటి విడలేదు. ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కుతున్నారు ఐదుగురు: నెల్లూరు మిషన్ లైమన్ జ్యూయెట్ దొర, దొరసాని, వాళ్లతో ఈ నేలవాళ్లే ముగ్గురు, క్రిస్టియన్ నర్సు అనే అతను, జూలియా, రూతు.

శామ్యూల్ డే 1836లో తెలుగువాళ్ల మధ్య మొదలుపెట్టిన ఈ అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు నమ్ముకున్నవాళ్లు అప్పటికి కొద్దిమందే. అంతకుముందు ఏడాదే న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో మిషన్ సభ కూర్చుని, నెల్లూరును మూసేద్దామా అని తర్జనభర్జన పడింది. పటంమీద బర్మాలో బోలెడు గుర్తులు, తెలుగు దేశంలో ఒక్కటే. ఆ ఒంటి చుక్కమీద శామ్యూల్ స్మిత్ రాత్రికి రాత్రి రాసిన పద్యం సభ మనసు మార్చింది. గండం ఆ పూటకు గడిచింది, అంతే.

కొండమీద యెషయా గ్రంథం చదివారు, పాడారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ఒక్కొక్కరే ప్రార్థించారు. తెల్లవారాక జ్యూయెట్ దూరంగా ఒక మెరక చూపించాడు. నిండా నాగజెముడు. అక్కడ మన బంగళా లేస్తే, ఈ ప్రాంతమంతా క్రీస్తును నమ్మితే ఎలా ఉంటుందని జూలియాను అడిగాడు. బాగుంటుందంది. ఆ రోజు వస్తుందిలే అన్నాడు.

ఏళ్లు గడిచాయి. ఆ రోజు రాలేదు. 1862లో జ్యూయెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళితే అక్కడ మళ్లీ అదే మాట: మూసేద్దాం. మీరు మూసేసినా నేనొక్కణ్ణే వెళ్లి అక్కడే బతికి అక్కడే చస్తానని భీష్మించాడు. అయితే నిన్ను పూడ్చడానికైనా ఎవర్నో పంపాలిగా అన్నాడట కార్యదర్శి. అలా పంపిన మనిషే జాన్ క్లౌ.

జ్యూయెట్ పట్టుదలను కాదనలేం. కానీ నా లెక్కలో పెద్ద విశ్వాసం జూలియాది. దొరకు తిరిగి వెళ్లేందుకు దేశముంది. మిషన్ ఎత్తేస్తే ఆమె ఉండాల్సింది ఈ ఊళ్ల మధ్యే, క్రీస్తును నమ్మినందుకు మాటలు పడుతూనే.

1866లో క్లౌ ఒంగోలు చేరాడు. ఆ నాగజెముడు నేలలోనే బంగళా లేచింది. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది.

తర్వాత 1876-78 ధాత కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం అడిగినవాళ్లను మాత్రం ఆ సాయం నడిచినన్నాళ్లూ ఆగమన్నాడు. గంజి కోసం కలిశారనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కూలి డబ్బులు ఆగిపోయాక కూడా వాళ్లెందుకు వచ్చినట్టు? వాళ్లలో ఎక్కువమంది వచ్చిన మాదిగపల్లెల్లో తరతరాల అవమానం ఆకలికన్నా పాతది.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నీళ్లలో నిలబడి ఇచ్చినవాళ్లు ఆరుగురు. ఆరుగురూ తెలుగు బోధకులే.