త్రీడీ తెర మీద తెలుగు పేరు

1992లో సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ ఓపెన్‌జీఎల్‌ను విడుదల చేసినప్పుడు అందులో త్రిభుజం గీయడానికి ఆదేశం ఉంది, దాని మీద వెలుగు పడేలా చేయడానికీ ఆదేశం ఉంది. ఒక మాట రాయడానికి మాత్రం లేదు. కొండను చూపించవచ్చు గానీ దాని పేరు రాయాలంటే ప్రోగ్రామర్ తన దారి తాను చూసుకోవాలి. ఇది మరిచిపోయి వదిలేసిన లోటు కాదు. ఫాంట్ల సంగతి విండో సిస్టమ్ చూసుకుంటుందని, ఏ యంత్రం మీదైనా ఒకేలా నడవాల్సిన గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్‌లో వాటిని ఇరికించకూడదని ఆలోచించి చేసిన పని. అది తప్పని నేను అనను. కానీ ఆ ఖాళీ నిండిన తీరులోనే తెలుగు పేరు త్రీడీ తెర మీద ఇప్పటికీ ముక్కలై కనబడడానికి కారణం దొరుకుతుంది.

ఖాళీని నింపిన మొదటి పద్ధతి చాలా తేలిక. ప్రతి అక్షరానికీ 8 చుక్కల వెడల్పు, 13 చుక్కల ఎత్తున్న బిట్‌మ్యాప్ తయారుచేసి, ఒక్కోదాన్ని ఒక్కో డిస్‌ప్లే లిస్టులో దాచుకుని, మాటలోని బైట్ల వరుసలో వాటిని పిలవడం. ఒక బైటుకు ఒక బొమ్మ. మార్క్ కిల్‌గార్డ్ రాసిన గ్లట్ లైబ్రరీ ఇలాంటి బిట్‌మ్యాప్ అక్షరాలతో పాటు గీతలతో కూర్చిన అక్షరాలనూ సిద్ధంగా ఇచ్చింది. గీతల పద్ధతి ఇంకా పాతది. 1967లోనే అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో అలెన్ హెర్షీ సరళరేఖలతో అక్షరాలు రూపొందించాడు. ఆయన రోమన్‌తో ఆగక గ్రీకు, రష్యన్, జపనీస్ లిపుల దాకా వెళ్లాడు. గ్లట్ ఇచ్చిన గీతల అక్షరాలు మాత్రం ఆస్కీలో 32 నుంచి 127 వరకు ఉన్నవే.

లేబుల్ ఎక్కడ నిలవాలి, ఎటు తిరగాలి అన్న ప్రశ్నల మీద మాత్రం ఎంతో శ్రద్ధ పెట్టారు. పాత ఓపెన్‌జీఎల్‌లో బిట్‌మ్యాప్ లేబుల్ మొదలయ్యే బిందువు తెర ఎడమ అంచు దాటితే చాలు, ఆ స్థానం చెల్లదని మాట మొత్తాన్నీ కొట్టేసేది. 2002 నాటి 1.4 వెర్షన్ తెర కొలతల్లోనే స్థానం చెప్పే ఆదేశంతో ఆ చిక్కు తీర్చింది. సిలికాన్ గ్రాఫిక్స్ వారిదే అయిన త్రీడీ లైబ్రరీ ఇన్వెంటర్‌లో టెక్స్ట్2 ఎప్పుడూ చూసేవాడి వైపే తిరిగి, దూరం ఎంతైనా ఒకే సైజులో ఉంటుంది. టెక్స్ట్3 మందమున్న వస్తువులా దృశ్యంతో పాటే తిరుగుతుంది. నాకు ఇది గొప్ప విభజన అనిపిస్తుంది. దుకాణం మీది బోర్డు దుకాణానిది, లేబుల్ చదివేవాడిది. పటాల మీద పేర్లు ఎలా పెట్టాలో స్విట్జర్లాండ్ పటాల రూపకర్త ఎడువర్డ్ ఇమ్‌హోఫ్ 1962లో రాసిన వ్యాసం కూడా చదివేవాడి కన్నును దృష్టిలో పెట్టుకున్నదే. 2007లో వాల్వ్ సంస్థకు చెందిన క్రిస్ గ్రీన్ అక్షరం అంచు నుంచి దూరాన్ని 64×64 బొమ్మలో నిక్షిప్తం చేసి, ఎంత దగ్గరికి వెళ్లినా అంచులు చెదరని పద్ధతి చూపించాడు. చోటు, దిశ, సైజు, నునుపు, అన్నీ కుదిరాయి. ఒక సంకేతానికి ఒక బొమ్మ అన్న ఊహ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ ఊహ ఇంగ్లీషుకు నిజం, తెలుగుకు కాదు. 1991 నాటి యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు చోటుంది. అందులో ‘స్త్రీ’ అంటే ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆరో సంకేతమైన గుడి దీర్ఘం చేరేది మొదటి అక్షరమైన స తల మీద. త, ర వత్తులుగా మారిపోతాయి. సంకేతానికో బొమ్మ చొప్పున వరుసగా పేర్చే కోడ్‌కు ఇవేవీ తెలియవు. బ్రౌజర్‌లో త్రీడీ దృశ్యాలు చూపించే త్రీ.జెఎస్‌లోని టెక్స్ట్‌జామెట్రీ నేటికీ అలాగే అక్షరం వెంట అక్షరం వెతుకుతుంది. ఫాంట్ ఫైల్లో దొరకకపోతే ప్రశ్నార్థకం గీస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ చేత మాటంతా ఒక బొమ్మగా గీయించి టెక్స్‌చర్‌గా అతికిస్తే సరిపోతుంది కదా అని అడగవచ్చు. పది పేర్లకు సరిపోతుంది. వేల ఊళ్లున్న పటంలో పేరుకో టెక్స్‌చర్ మెమరీని తినేస్తుంది, కెమెరా దగ్గరికి వెళ్తే అక్షరం మసకబారుతుంది. దృశ్యం మీద హెచ్‌టీఎంఎల్ పేరు తేలేలా చేస్తే వత్తులు చక్కగా వస్తాయి, కానీ కొండ వెనక ఉన్న ఊరి పేరు కొండ ముందు కనబడుతుంది. దాన్ని దాచే లెక్క విడిగా రాసుకోవాలి. హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు కూర్చే లైబ్రరీ ఉండగా ఇంకా సమస్యేమిటన్నది బలమైన అభ్యంతరం. నిజమే, ఏ వత్తు ఎక్కడ పడాలో అది లెక్కగట్టి ఇస్తుంది, ఉచితం కూడా. బొమ్మలను సంకేతాల పేరుతో కాక హార్ఫ్‌బజ్ ఇచ్చిన గ్లిఫ్ సంఖ్యలతో, అంటే ఫాంట్‌లోని బొమ్మల సంఖ్యలతో, దాచుకుంటే క్రిస్ గ్రీన్ పద్ధతి తెలుగుకూ అంతే బాగా పనిచేస్తుంది. కాకపోతే హార్ఫ్‌బజ్‌ను లైబ్రరీ రాసేవాళ్లు మొదటే పిలవాలి. చివర్లో తగిలించడం కష్టం, ఎందుకంటే అప్పటికి కోడ్ అంతా బైటుకో బొమ్మ అన్న లెక్కతోనే అల్లుకుని ఉంటుంది.

త్రీడీ ప్రోగ్రాములు రాస్తున్న తెలుగువాళ్లకు నా విన్నపం ఒక్కటే. మీ లేబుల్‌ను మొదటిసారి పరీక్షించేటప్పుడు ‘హలో’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కాదు, ‘స్త్రీ’ అని తెలుగులో రాసి చూడండి. విరిగి కనబడితే ఆ లైబ్రరీ రాసినవాళ్లకు ఆ రోజే తెలియజేయండి.