కొండలు లేని చోట మౌంటెన్ బైక్: టికియాపారా నుంచి కోల్‌కతా చిత్తడి నేలల దాకా

హావ్‌డా నుంచి సికింద్రాబాద్ బయలుదేరే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మొదట దాటే స్టేషన్ టికియాపారా. రైలు అక్కడ ఆగదు. కిటికీలోంచి చూస్తే పట్టాల గుంపు, లోకల్ రైళ్ల కార్‌షెడ్, చిన్న చిన్న ఇనుప కార్ఖానాలు, ఇరుకు సందులు కనిపిస్తాయి. కోల్‌కతా మహానగరంలో భాగంగానే చెప్పుకున్నా ఇది హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉన్న హావ్‌డా పేట. ఇక్కడ మౌంటెన్ బైక్ మాటెత్తితే ఎవరికైనా నవ్వు వస్తుంది. కనుచూపు మేరలో కొండ లేదు. నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది.

అయితే హావ్‌డా అన్న పేరు బెంగాలీలోని 'హావర్' నుంచి వచ్చిందని చెబుతారు. నీరు, బురద చేరి నిలిచిపోయే పల్లపు నేలను హావర్ అంటారు. అంటే ఊరి పేరులోనే చిత్తడి ఉంది. ఆ చిత్తడిలో మిగిలిన ముక్కలు టికియాపారాకు రెండు వైపులా ఇప్పటికీ ఉన్నాయి. వాటిని కలుపుతూ వెళ్లడానికి సైకిల్‌ను మించిన బండి లేదు.

పల్లంలో ఈ సైకిల్ ఎందుకు?

మౌంటెన్ బైక్ 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కొండదారుల్లో పుట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పోటీ క్రీడ అయింది. పేరులో కొండ ఉన్నా దాని అసలు పని చదును చేయని దారిలో నడవడం. కొండలు లేని నెదర్లాండ్స్‌లో కూడా అడవుల మధ్య మౌంటెన్ బైక్ దారులు గుర్తు పెట్టి ఉండటానికి కారణం ఇదే.

బెంగాల్ పల్లపు నేలలో ఈ సైకిల్‌లో పనికొచ్చేది టైరు. రెండు అంగుళాలు, అంతకు మించిన వెడల్పు, మీద గట్టి బొడిపెలు ఉంటాయి. గాలి తక్కువ పెట్టి నడపవచ్చు. అప్పుడు టైరు నేలకు పరుచుకుంటుంది, మెత్తటి గట్టులోకి అంతగా దిగబడదు. ముందు ఫోర్కులోని స్ప్రింగుకు ఇక్కడ పెద్దగా పని లేదు. లాక్ ఉంటే వేసుకోవడమే మేలు, తొక్కిన బలం వృథా పోదు. గేర్లు ఎక్కడానికి కాకపోయినా ఎదురుగాలికి అక్కరకొస్తాయి. చెట్టు చాటు లేని గట్టు మీద గాలే కొండ.

అసలు శత్రువు బంకమట్టి. గంగ తెచ్చిన ఒండ్రు ఎండితే సిమెంటులా గట్టిపడుతుంది, తడిస్తే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. అందుకే ఈ దారులకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే అనువు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గట్లు జారుతాయి. మార్చి తర్వాత సాయంత్రాల్లో కాలవైశాఖి గాలివానలు విరుచుకుపడతాయి. శీతాకాలంలోనూ తెల్లవారుజామున పొగమంచు దట్టంగా ఉంటుంది కాబట్టి ముందూ వెనుకా లైటు తప్పనిసరి.

పడమట: చెరువు, తోట

టికియాపారా నుంచి పడమటికి సుమారు ఐదు కిలోమీటర్లు వెళితే సాంత్రాగాఛీ ఝీల్ వస్తుంది. రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న ఈ చెరువుకు ఏటా చలికాలంలో వేల పక్షులు చేరతాయి. వాటిలో ఈల వేసినట్టు కూసే చిన్న బాతులే ఎక్కువ. చెరువును కమ్మేసే గుర్రపుడెక్కను చలికాలానికి ముందు తీసేస్తారు. పూర్తిగా మాత్రం తీయరు. పక్షులు వాలడానికి అక్కడక్కడా దిబ్బల్లా వదిలేస్తారు. చుట్టుపక్కల మురుగు ఇందులోకే వస్తోందన్న ఫిర్యాదు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

నైరుతి దిక్కున ఆరు కిలోమీటర్ల దూరంలో శివపూర్ బొటానిక్ గార్డెన్ ఉంది. 273 ఎకరాల విస్తీర్ణం, 24 చెరువులు. 1787లో కల్నల్ రాబర్ట్ కిడ్ దీన్ని మొదలుపెట్టాడు. ఇక్కడి మహా మర్రిచెట్టు మొదలును తెగులు సోకడంతో 1925లో తొలగించారు. అయినా ఊడల మీదే చెట్టు ఇంకా విస్తరిస్తోంది. తెలుగువారికి ఈ తోటతో మరో బంధం కూడా ఉంది. 1793లో దీని బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కల మీద పనిచేశాడు. సైకిల్‌ను గేటు దగ్గర వదిలి నడుస్తూ చూడాల్సిన చోటు ఇది.

తూర్పున: మురుగు మీద బతికే చెరువులు

చిత్తడి అసలు విస్తృతి నదికి అవతల, కోల్‌కతా తూర్పు అంచున ఉంది. హుగ్లీని లాంచీలో సైకిల్‌తో సహా దాటి, నగరం గుండా ఈఎం బైపాస్ చేరుకుంటే తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు మొదలవుతాయి. వీటి విస్తీర్ణం 12,500 హెక్టార్లు. ఇక్కడి చేపల చెరువులను 'భేరీ'లు అంటారు.

కోల్‌కతా నేల నది నుంచి తూర్పుకు వాలుతుంది. అందుకే మురుగు కూడా అటే పారుతుంది. ఒకప్పుడు ఇవి ఉప్పునీటి మడుగులు. విద్యాధరి నది పూడిపోయి సముద్రపు పోటు రావడం ఆగాక జాలర్లు నగరం మురుగునే చెరువుల్లోకి మళ్లించుకున్నారు. లోతు తక్కువ కావడంతో ఎండ అడుగుదాకా పడుతుంది, నాచు పెరుగుతుంది, నీరు తేరుకుంటుంది, నాచును తిని చేపలు పెరుగుతాయి. కరెంటు ఖర్చు లేకుండా నగరం మురుగు శుద్ధి అవుతుంది. ఈ పద్ధతి విలువను ప్రపంచానికి చెప్పింది పారిశుద్ధ్య ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్. ఆయన 2018లో మరణించారు.

సైకిల్ తొక్కేవారు గమనించాల్సింది ఒకటుంది. ఇక్కడి దారులను ఎవరూ షికారు కోసం వేయలేదు. అవి భేరీల మధ్య గట్లు. ఏటా బురద తీసి, కోతకు గురైన చోట పూడ్చి, అంచులు పట్టి ఉండేలా చెట్లు, గుర్రపుడెక్క పెంచి వాటిని కాపాడేది చేపల కూలీలు. తెల్లవారకముందే అల్యూమినియం పాత్రల్లో నీళ్లు పోసి బతికున్న చేపలు, క్యారియర్ మీద కూరగాయల గంపలు కట్టుకుని వెళ్లే సైకిళ్లకే ఆ గట్టు మీద మొదటి హక్కు. ఎదురైతే దిగి పక్కకు తప్పుకోవడం ఇక్కడి మర్యాద. గట్టు చాలా చోట్ల భేరీ యాజమాన్యానిదో, సహకార సంఘానిదో అయి ఉంటుంది. అడిగి వెళ్లాలి. పక్కనే సాగే బాసంతి హైవే మీద మాత్రం లారీల జోరు ఎక్కువ.

కొల్లేరుతో పోలిక, తేడా

కొల్లేరు, తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు ఒకే రోజున, 2002 ఆగస్టు 19న, రామ్‌సార్ జాబితాలో చేరాయి. కానీ రెంటి కథలు తలకిందులు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు సరస్సును ఆక్రమించాయి. ఐదో కాంటూరు లోపలి ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించాక, 2006లో ప్రభుత్వం ఆ గట్లను పగలగొట్టించింది. కోల్‌కతాలో చేపల చెరువే చిత్తడి. అక్కడ గట్టు తెగితే, చేపల పెంపకం ఆగితే, మిగిలేది సరస్సు కాదు, ప్లాట్లు. 1960లలో ఉప్పుటేరుల మడుగులను హుగ్లీ ఇసుకతో పూడ్చే సాల్ట్‌లేక్ కట్టారు. ఆ తర్వాత 1992లో కలకత్తా హైకోర్టు తీర్పు, 2006లో ప్రత్యేక చట్టం వచ్చాయి. అయినా అంచుల్లో పూడికలు ఆగలేదు.

సైకిల్‌కు దారి ఏది?

పశ్చిమ బెంగాల్‌లో దాదాపు 79 శాతం కుటుంబాలకు సైకిల్ ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) చెబుతోంది. దేశంలో ఇదే అత్యధికం. రాష్ట్ర ప్రభుత్వం 2015 నుంచి 'సబుజ్ సాథీ' పథకం కింద విద్యార్థులకు సైకిళ్లు ఇస్తోంది. అదే రాష్ట్ర రాజధానిలో 2013లో పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. నిరసనల తర్వాత ఆ సంఖ్య 62కు తగ్గింది. ఖరీదైన సైకిల్‌పై ఆదివారం షికారుకు వెళ్లేవారికి ఇది చిరాకు మాత్రమే. చేపలు, పాలు, కూరలు మోసే వారికి జరిమానా, చుట్టుదారి, పోయిన గంట.

కాబట్టి టికియాపారా నుంచి తూర్పు గట్ల దాకా సైకిల్‌పై వెళ్లేవారు దారిలో మారే నేలను చూస్తే విషయం అర్థమవుతుంది. నీరున్న చోట గట్టు ఉంది, గట్టు ఉన్న చోట సైకిల్ నడుస్తోంది. నీటిని పూడ్చిన చోట తారు రోడ్డు పడింది, ఆ రోడ్డు మీద సైకిల్‌కు చోటు కుదించుకుపోయింది. మౌంటెన్ బైక్ కావాలనుకునేవారికైనా, పాత సైకిల్ తప్ప వేరే దిక్కు లేనివారికైనా ఇక్కడ కావలసింది ఒకటే: చెరువు చెరువుగా ఉండటం, దాని మీద పనిచేసేవారు అక్కడే బతకగలగడం.